ఎడమచేయి, చూపుడువేలు

సిరొంచ గెస్ట్‌హౌస్ వరండాలో
రెండు ఫైళ్ళు తెరిచారు.
నీలం అట్ట ఎన్నికలకు,
పసుపు అట్ట హక్కులకు.
జెనీవాలో రెంటికీ ఒకే భవనమట, అంతస్తులు వేరట,
లిఫ్టులో ఎదురుపడితే తలూపుకుంటారట.
నేను దుబాసీని. రోజుకు పన్నెండొందలు, భోజనం వాళ్ళదే.
ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ,
ఇంగ్లీషు మాత్రం నాగపూర్‌లో అప్పు చేసి నేర్చుకున్నది.

ఆత్రం పోశక్క కుర్చీ వద్దంది.
గచ్చు మీద కూచుని కొంగుముడి విప్పి
ఏమీ తీయకుండానే మళ్ళీ ముడేసుకుంది.

"ప్రజాస్వామ్యంలో పాల్గొన్నారా?"
అడగమన్నాడు నీలం ఫైలు మతియాస్.
అంత మాట ఆమె ముందు ఎలా పెట్టను?
"లెక్కల ఉన్నవా అక్కా?" అన్నాను.
"ఉన్న. వాగు దాటి వోయిన, మోకాటి లోతు నీళ్ళు.
సారు చెయ్యి వట్టుకొని సిరా వూసిండు, ఇగో."
గోరు మీద ఊదా గీత
పెరిగి పెరిగి కొసకొచ్చింది.
ఎవరైనా బెదిరించారా? లేదు.
ఎవరైనా డబ్బిచ్చారా? నవ్వింది.
ఆ నవ్వుకు ఇంగ్లీషు తెలియక
లేదంటోందని చెప్పాను. ఆ పాపం నాది.

నీలం ఫైలు మూతపడింది.
పోశక్క లేవలేదు.

"గిదే ఏలు," అంది.
"రేషన్ మిషన్ మీద వెడితే
పున్హా, పున్హా అంటడు డీలరు.
తుడిచి వెట్టిన. ఉమ్మి తడిచేసి వెట్టిన.
మూడు నెల్లాయె, నేను నేను కాదంట."

నలభై ఎండాకాలాలు తునికాకు కట్టలు కట్టిన వేలు.
డెబ్బై ఆకులకో కట్ట, కట్టకో ముడి,
ముడికింత చొప్పున
గీతలన్నీ అడవికే అప్పజెప్పి వచ్చింది.

"ఓటు దినం నన్ను గుర్తువట్టినోళ్ళు
బియ్యం దినం ఎందుకు గుర్తువట్టరో
అడుగు బిడ్డా, ఆ తెల్లాయినను."

అడిగాను.
అది తన విభాగం కాదన్నాడు, మర్యాదగానే.
పసుపు ఫైలు అబేనా ముందుకు వంగింది.
ఘనా ఆమెది; కోకో కాయలు కొట్టిన అమ్మమ్మ ఉందని
కారులో చెప్పింది.
ఆమె కాగితంలోనూ ఒక గడి ఉంది:
"ఫిర్యాదు నంబరు."
నంబరు లేదు.
నంబరు కావాలన్నా వేలిముద్రే అడుగుతారు.
"హక్కులు తెలుసా అని అడుగు," అంది గొంతు తగ్గించి.
మళ్ళీ అదే మాట వచ్చింది నా నోట:
"లెక్కల ఉన్నవా అక్కా?"
పోశక్క నన్ను వింతగా చూసింది.
"ఇందాక గదే అడిగితివి గదరా."

రాత్రి కరెంటు పోయింది.
లాంతరు ముందు ఇద్దరూ వాదులాడుకున్నారు
నాకు రాని భాషలో.
భాష రాకపోయినా పంచాయితీ గొంతు తెలుస్తుంది,
పొలంగట్టు దగ్గరైనా, ఫైలుగట్టు దగ్గరైనా.
చివరికి అబేనా పసుపు కాగితం చించి
నీలం ఫైలులో ఓటు పేజీ వెనక పెట్టింది.
మతియాస్ ఆపలేదు.
స్టేప్లర్‌లో పిన్నుల్లేవు.
దడి మీది తుమ్మముల్లు విరిచి తెచ్చి
రెండు పేజీలూ కలిపి గుచ్చాను.
కొంచెం వంకరగానే.

వర్షాలకు ముందు రిపోర్టు వచ్చింది నా ఫోనుకు.
ఎనభైనాలుగు పేజీలు.
అరవై ఒకటో పేజీ కింద, చిన్నక్షరాల్లో:
నది పక్క ఊరిలో ఒక వృద్ధ మహిళ.
పేరు లేదు, ఆమె భద్రత కోసమట.
ముల్లు గుచ్చిన చిల్లు
స్కానింగులో చుక్కలా పడింది.
ఫుల్‌స్టాప్ అనుకుంటారేమో ఎవరైనా.

ఆ నెల తహసీల్ నుంచి చీటీ వచ్చింది:
వేలు పడనివాళ్ళకు పుస్తకంలో రాసి ఇవ్వమని.
రిపోర్టు వల్లా, ఊరి ఆడవాళ్ళు
రెండు పూటలు షాపు ముందు కూచున్నందు వల్లా,
నేను చెప్పలేను.
పోశక్కకు రెండు నెలలు బియ్యం అందాయి.
మూడో నెల డీలరు మారాడు.
చీటీ చూపిస్తే పాతదన్నాడు.

గోరు కత్తిరించుకుంది. ఊదా గీత రాలిపోయింది.
ఒకటో తారీకు మళ్ళీ పోతోంది,
చెంగుతో వేలు రుద్దుకుంటూ.
ఈసారి వెంట పదకొండు మంది.
దుబాసీ అక్కర్లేదంది.
అయినా వెనకే నడుస్తున్నాను.